పట్టు చూసి బరువు మరిచాను

కింది దవడలో వెనక పళ్ళన్నీ పోయి ముందు పళ్ళు మాత్రం మిగిలినవాళ్ళు మా క్లినిక్కు వచ్చే పెద్దవయసు వాళ్ళలో చాలామంది ఉంటారు. దవడపళ్ళు ముందు పుచ్చుతాయి, వాటినే ముందు పీకించుకుంటారు, బయటికి కనబడవు కాబట్టి వాటి సంగతి వదిలేస్తారు. కొన్నేళ్ళు ముందు పళ్ళతోనే నెట్టుకొచ్చి, అన్నం మింగడం కష్టమయ్యాక వస్తారు. వచ్చి అడిగేది దాదాపు అందరూ ఒక్కటే: "కదలకుండా ఉండే సెట్టు పెట్టండి డాక్టరు గారూ."

ఆ మాటను చాలాకాలం నేను ఉన్నదున్నట్టుగా పట్టుకున్నాను. సెట్టు కదలకుండా చెయ్యడమే నా పని అనుకున్నాను. అది కదలకుండా ఉండటానికి నోట్లో ఏది ఎంత కష్టపడుతోందో వెతకలేదు. వెతికేసరికి ఒక మనిషి రెండు పళ్ళు పోగొట్టుకుంది.

ముందు పన్ను సంగతి చెప్పాలి. పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారల పొర ఉంటుంది. పెరియోడాంటల్ లిగమెంట్ అంటాం. మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఆ నారలు ఎక్కువ భాగం ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి, అందుకే పన్ను మీద నిట్టనిలువుగా బరువు పడితే వేరు చుట్టూ ఉన్న నారలన్నీ కలిసి దాన్ని మోస్తాయి. అదే బరువు పక్కకు తోసినట్టు పడితే ఒకవైపు నారలే సాగుతాయి, రెండోవైపు ఎముక నలుగుతుంది. పాకలో పాతిన గుంజను పీకాలంటే ఎవరూ పైకి లాగరు, అటూ ఇటూ ఊపి వదులు చేస్తారు. మేము పన్ను తీసేటప్పుడు చేసేదీ అదే. సుత్తితో కొట్టినట్టు నమిలినా తట్టుకునే పన్ను, మెల్లగా రోజూ ఊపితే నిలవదు.

ఇక చిగురు. పళ్ళు పోయిన చోట ఎముక మీద మెత్తని చిగురు గట్టులా మిగులుతుంది. గట్టిగా నమిలినప్పుడు పన్ను తన గూట్లోకి దిగేది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. చిగురు గట్టు మాత్రం దానికి ఎన్నో రెట్లు అణుగుతుంది. రెండు వైపులా పళ్ళున్న సందులో పెట్టే సెట్టుకు దీనితో పెద్ద చిక్కు లేదు, ముందూ వెనకా పళ్ళే మోస్తాయి. వెనక పన్నన్నదే లేని నోట్లో చిక్కు మొదలవుతుంది. న్యూయార్క్ దంతవైద్యుడు ఎడ్వర్డ్ కెనడీ 1925లో ఈ ఖాళీలను తరగతులుగా విడగొట్టి, రెండు వైపులా వెనక పళ్ళు లేని నోటిని మొదటి తరగతిలో పెట్టాడు. అలాంటి సెట్టుకు ముందు కొస పంటిని పట్టుకుని ఉంటుంది, వెనక కొస చిగురు మీద పడుకుని ఉంటుంది. నమిలిన ప్రతిసారీ వెనక కొస దిగుతుంది, ముందు కొస దిగదు. మొత్తం సెట్టు చివరి పంటి దగ్గర ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది.

ఇది నాకు తెలియని విషయం కాదు. పరీక్షలో రాశాను, బొమ్మ గీశాను, మార్కులు తెచ్చుకున్నాను.

ఆ రెండు పళ్ళు పోగొట్టుకున్నావిడ పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. కింది దవడలో రెండు వైపులా పెద్ద దవడపళ్ళు లేవు. చివరిగా మిగిలినవి రెండో ప్రీమోలార్లు, అంటే కోరపంటికి వెనక రెండో పళ్ళు. కుడివైపు దానికి అప్పటికే రూట్ కెనాల్ చేసి ఉంది. అంతకుముందు వేరేచోట పెట్టించుకున్న ప్లాస్టిక్ సెట్టు మాట్లాడుతుంటే లేచిపోతోందని, హుక్కులు నవ్వితే కనబడుతున్నాయని బాధపడేవారు. జీవితమంతా పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం చూసి, దీనికి మంచి పరిష్కారం ఇవ్వాలని గట్టిగా అనుకున్నాను. ఆ అనుకోవడంలో తప్పు లేదు.

అటాచ్‌మెంటు పెడదామన్నాను. ఆసరా పంటికి క్యాప్ వేసి, ఆ క్యాప్ వెనక గోడకు చిన్న గుండు లాంటి లోహపు భాగాన్ని కలిపి పోతపోస్తారు. సెట్టు లోపలి వైపు నైలాన్ టోపీ ఉంటుంది. సెట్టు పెట్టుకోగానే టోపీ గుండు మీద "టక్" మని కూర్చుంటుంది. హుక్కు కనబడదు, సెట్టు లేవదు. చూడటానికి చాలా అందమైన పని.

ల్యాబ్ నుంచి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, ఒక్కో పంటికేనా? ముందున్న పన్ను కూడా కలిపి రెండు క్యాపులు జోడిద్దామా?" అని అడిగాడు. ముందున్న పళ్ళు పుచ్చులేని మంచి పళ్ళు. వాటిని అరగదీయడం నాకు ఇష్టం లేదు, ఆవిడకు ఖర్చు కూడా పెరుగుతుంది. "అక్కర్లేదు, ఒక్కోటే చాలు" అన్నాను. మంచి పంటిని అరగదీయకపోవడమే దయ అనుకున్నాను. ఆ దయ పక్క పంటికి ఎంత భారమవుతుందో లెక్క వెయ్యలేదు.

ఆ లెక్క కష్టమైందేమీ కాదు. కింది దవడలో మొదటి పెద్ద దవడపంటి వేళ్ళ ఉపరితలం సగటున 430 చదరపు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, రెండోదానిదీ ఇంచుమించు అంతే. రెండో ప్రీమోలార్‌ది 200 పైచిలుకు. స్థిరమైన బ్రిడ్జి కట్టేటప్పుడు, ఆసరా పళ్ళ వేళ్ళ ఉపరితలం పోయిన పళ్ళ వేళ్ళ ఉపరితలానికి తగ్గకూడదని ఇర్విన్ ఆంటే 1926లో చెప్పిన సూత్రం మా విద్యార్థులందరికీ తెలుసు. తీసి పెట్టుకునే సెట్టుకు ఆ సూత్రం నేరుగా వర్తించదు, కొంత బరువు చిగురు మోస్తుంది కాబట్టి. కానీ చిగురు మొయ్యాల్సిన వాటాను నేను సరిగ్గా అప్పజెప్పకపోతే అది ఎక్కడికి పోతుంది? ఆ ఒంటరి ప్రీమోలార్ మీదికే పోతుంది. పైగా గుండు క్యాప్‌కు వెనక బయటికి పొడుచుకుని ఉంది. బరువు పంటి నడినెత్తి మీద పడదు, నాలుగైదు మిల్లీమీటర్లు వెనక పడుతుంది. దూరం ఎంత పెరిగితే పన్నును వెనక్కి వంచే బలం అంత పెరుగుతుంది. పక్క పంటితో జోడిస్తే రెండు వేళ్ళు కలిసి ఆ వంపును ఎదిరిస్తాయి. టెక్నీషియన్ అడిగింది అందుకే.

రెండో తప్పు అచ్చు దగ్గర జరిగింది. పళ్ళకూ చిగురుకూ కలిపి ఒకే అల్జినేట్ అచ్చు తీసుకున్నాను. అల్జినేట్ మెత్తనిది, చిగురును నొక్కదు. కాబట్టి నా సెట్టు అడుగు చిగురు తీరిగ్గా ఉన్నప్పటి ఆకారానికి సరిపోయింది, నమిలేటప్పుడు అణిగిన ఆకారానికి కాదు. అంటే మొదటి ముద్ద నుంచే వెనక కొసకు దిగే చోటు ఉంది. దీనికి మందు పాతదే. లోహపు చట్రం తయారయ్యాక దాన్ని పళ్ళ మీద సరిగ్గా కూర్చోబెట్టి, వెనక భాగానికి మాత్రం చిగురు పనిచేసే స్థితిలో మళ్ళీ అచ్చు తీసి, మోడల్‌లో ఆ భాగాన్ని కోసి కొత్తగా పోస్తారు. ఆల్టర్డ్ కాస్ట్ పద్ధతి అంటారు. ఇంకో విడత రావాలి, ల్యాబ్‌లో ఇంకో రోజు పని. రోగిని తిప్పడం ఎందుకని మానేశాను.

సెట్టు పెట్టిన రోజు ఆవిడ అద్దంలో చూసుకుని మురిసిపోయారు. ఇంటికి వెళ్ళి చేగోడీలు తిన్నానని ఫోన్ చేసి చెప్పారు.

ఏడాది తిరక్కుండానే వదులైందని వచ్చారు. తీసి చూస్తే నైలాన్ టోపీ అరిగిపోయి ఉంది. మార్చాను. ఈ టోపీలు రకరకాల పట్టుతో వస్తాయి. ఉదాహరణకు లొకేటర్ అనే అటాచ్‌మెంటులో నీలం టోపీ పట్టు సుమారు 1.5 పౌండ్లు, గులాబీది 3, తెల్లగా పారదర్శకంగా ఉండేది 5. నేను వాడింది వేరే రకం, కానీ అందులోనూ అన్నిటికన్నా బిగువైనదే ఎంచి పెట్టాను. కొంతకాలానికి మళ్ళీ వదులైంది, మళ్ళీ మార్చాను. ఆ తరవాత కూడా.

నేను అన్నిటికన్నా ఎక్కువగా బాధపడేది ఆ రోజుల గురించే. మొదటి తప్పులు సెట్టు తయారుకాకముందు జరిగినవి. టోపీ అరగడం మాత్రం నోరు నాకు పంపిన కబురు. పట్టు అనేది వేరు, ఆధారం అనేది వేరు. సెట్టు పైకి లేవకుండా పట్టుకునేది పట్టు. నమిలినప్పుడు కిందికి దిగకుండా మోసేది ఆధారం. ఆవిడ సెట్టుకు తగ్గుతున్నది ఆధారం. పళ్ళు పోయాక ఎముక గట్టు కరుగుతూనే ఉంటుంది. ఆంట్యే టాల్‌గ్రెన్ పళ్ళు పూర్తిగా పోయినవాళ్ళను 25 ఏళ్ళ పాటు చూసి 1972లో ప్రచురించిన అధ్యయనంలో, కింది దవడ ఎముక పై దవడ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కరిగిందని తేలింది. ఆవిడ గట్టు కూడా కరుగుతోంది. సెట్టు వెనక కొస ఇంకా దిగుతోంది. దిగిన ప్రతిసారీ గుండు మీద టోపీ రాసుకుని అరుగుతోంది. అరిగిన టోపీ వదులుగా ఉంటే కనీసం పంటికి కాస్త ఊపిరి ఆడేది. నేను కొత్త టోపీ బిగించి దాన్నీ మూసేశాను. చెయ్యాల్సింది సెట్టు అడుగున చిగురుకు సరిపడా కొత్త లైనింగు వెయ్యడం.

కుడి పంటి దగ్గర చిగురు మీద చిన్న చీముగుల్లతో వచ్చారు. నమిలితే నొప్పి అన్నారు. చిగురు లోతు కొలిచే ప్రోబ్‌తో చుట్టూ చూశాను. అన్నిచోట్లా మామూలుగానే ఉంది. ఒక్కచోట సన్నగా, వేరు చివరిదాకా దిగిపోయింది. ఆ ఒక్క సన్నని లోతు చూడగానే ఏం జరిగిందో అర్థమైంది. వేరు నిలువునా చీలింది. రూట్ కెనాల్ చేసిన పంటి లోపలి భాగం కొంత తొలిచేసి ఉంటుంది, పక్క బరువుకు అది చీలే అవకాశం ఎక్కువ. అలాంటి పంటికి వెనక గుండు వేలాడదీయకూడదని చదువుకున్నవాణ్ణే నేను. చీలిన వేరును కాపాడే దారి లేదు, తియ్యాలి. ఎడమవైపు ఎక్స్‌రే తీస్తే అక్కడ పన్ను చీలలేదు గానీ నారల పొర వెడల్పైంది, పన్ను వేలితో ఊగుతోంది. కొన్ని నెలలు చూశాం. అదీ నిలవలేదు.

కుడి పన్ను తీసిన రోజు ఆవిడ కోపగించుకోలేదు. "మిగిలిన పళ్ళు కాపాడుకుందామనే కదా బాబూ ఈ సెట్టు పెట్టించుకుంది" అన్నారు. నా దగ్గర సమాధానం ఉంది, చెప్పాను కూడా. బరువు ఎటు పడిందో, నేను ఎక్కడ మానేశానో కాగితం మీద గీసి చూపించాను. పంతులమ్మ కాబట్టి శ్రద్ధగా విన్నారు. విని, "ఇది ముందే చెప్పి ఉంటే రెండు క్యాపులకు ఒప్పుకునేదాన్ని" అన్నారు. ఖర్చు భరించలేరని ఆవిడ తరఫున నేనే నిర్ణయించాను, అడగలేదు.

ఆ తరవాత చదవడం మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పరీక్షకు కాదు. ఆసరా పంటి మీద ఒత్తిడి ఎలా పడుతుందో చూడటానికి పరిశోధకులు దశాబ్దాలుగా వాడిన ఒక పద్ధతి ఫోటోఎలాస్టిక్ నమూనా. పారదర్శకమైన ప్లాస్టిక్‌తో దవడ చేసి, అందులో పళ్ళు కూర్చోబెట్టి, సెట్టు మీద బరువు పెట్టి ప్రత్యేకమైన కాంతిలో చూస్తే ఒత్తిడి ఉన్న చోట రంగు చారలు పుడతాయి. చారలు ఎంత దట్టంగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ. ఆ బొమ్మల్లో వేరు చివర వెనకవైపు చారలు గుమిగూడటం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవిడ ఎక్స్‌రేయే. ఇప్పుడు కంప్యూటర్‌లో ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలతో ఇదే పని చేస్తున్నారు. ఈ నమూనాల పరిమితి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ పంటి చుట్టూ ఎముక కరగదు, గట్టిపడదు. ఏ అటాచ్‌మెంటు ఎన్నేళ్ళు నిలుస్తుందో అవి చెప్పలేవు. బరువు ఏ దిక్కున పోతుందో మాత్రం చెబుతాయి. నాకు కావలసింది అప్పట్లో అదే.

దిక్కు మార్చడం ఎంత చిన్న పనో చూసి ఆశ్చర్యపోయాను. పంటి మీద సెట్టు ఆనే చిన్న లోహపు ముక్కను రెస్ట్ అంటాం. దాన్ని పంటికి వెనక అంచున పెడితే, సెట్టు దిగినప్పుడు పంటిని వెనక్కి వంచుతుంది, హుక్కు కొస పంటిని పైకి పెకలిస్తుంది. అదే రెస్టును ముందు అంచున పెడితే ఇరుసు ముందుకు జరుగుతుంది. సెట్టు దిగినప్పుడు హుక్కు కొస పంటిని వదిలేసి చిగురు వైపు జారిపోతుంది. క్రాటోక్విల్ 1963లో ఈ ఆలోచన ముందుకు తెచ్చాడు, ఆర్థర్ క్రోల్ 1973లో దాన్ని మార్చి ఆర్‌పీఐ అనే పేరుతో స్థిరపరిచాడు. హుక్కు పంటి పల్లంలోకి దిగాల్సింది కూడా 0.25 మిల్లీమీటర్లే, కోబాల్ట్ క్రోమియం హుక్కుకు అంత చాలు. నమిలేటప్పుడు వదిలెయ్యడం, లాగినప్పుడు మాత్రం పట్టుకోవడం దాని తీరు. నేను పెట్టిన అటాచ్‌మెంటు రెండు వేళల్లోనూ పట్టుకునే ఉంది.

మెత్తగా కదిలే అటాచ్‌మెంట్లు, స్ట్రెస్ బ్రేకర్లు వాడితే సరిపోదా అని యువ డాక్టర్లు అడుగుతుంటారు. అవి బరువును మాయం చెయ్యవు. పంటి మీది నుంచి తీసి చిగురు గట్టు మీద వేస్తాయి. గట్టు బాగుండి, సెట్టు అడుగు విశాలంగా ఉంటే మంచిదే. గట్టు కత్తి అంచులా సన్నబడి ఉంటే అది ఇంకా తొందరగా కరుగుతుంది, ఏడాదికే మొదటికొస్తాం. బరువు ఎవరి మీద వెయ్యాలో తేల్చుకోకుండా ఏ అటాచ్‌మెంటు ఎంచినా గుడ్డిగా ఎంచినట్టే.

అటాచ్‌మెంట్ల మీద నాకు పగ లేదు. అవి బాగా పనిచేసే చోటు ఉంది. పైభాగం పాడైన కోరపంటిని పీకెయ్యకుండా, రూట్ కెనాల్ చేసి, చిగురుకు 2, 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోసి, ఆ వేరు మీద పూర్తి సెట్టును ఆనించడం ఓవర్‌డెంచర్ పద్ధతి. పంటి పైభాగం కోసేశాక ఊపే చెయ్యి పొట్టిదైపోతుంది, పక్క బరువు బాగా తగ్గుతుంది. క్రమ్, రూనీ 1978లో చెప్పిన లెక్క ప్రకారం అయిదేళ్ళలో మామూలు పూర్తి సెట్టు ఉన్నవాళ్ళకు కింది దవడ ముందుభాగం ఎముక సగటున 5.2 మిల్లీమీటర్లు కరిగితే, కోరపళ్ళ వేళ్ళు నిలుపుకున్నవాళ్ళకు 0.6 మాత్రమే కరిగింది. ఈ అంకె తెలిశాక కోరపన్ను పీకడానికి నా చెయ్యి తొందరపడటం లేదు. అక్కడ కూడా వేరు చుట్టూ ఎముక పలచగా ఉంటే గుండు పెట్టను, నున్నని గుమ్మటంలా క్యాప్ వేసి వదిలేస్తాను.

పంతులమ్మగారికి రెండోసారి చేసిన సెట్టులో "టక్" మనే చప్పుడు లేదు. కోబాల్ట్ క్రోమియం చట్రం పోయించాం. మొదటి ప్రీమోలార్ల మీద ముందు అంచున రెస్టులు, సన్నని ఐ ఆకారపు హుక్కులు పెట్టాం. వెనక భాగానికి వేరుగా అచ్చు తీశాను. సెట్టు అడుగును బుగ్గవైపు గట్టి ఎముక ఉన్న బక్కల్ షెల్ఫ్ దాకా, వెనక మెత్తని దిమ్మ దాకా విస్తరించాను. కింది దవడలో నమిలే బరువు మొయ్యడానికి ఆ షెల్ఫే అన్నిటికన్నా నమ్మదగ్గ చోటు. పెట్టిన పళ్ళు కాస్త సన్నవి, చివరి దవడపన్ను పెట్టనేలేదు, నమిలే బరువు తగ్గడానికి. వెనక ఒక్కో ఇంప్లాంటు వేసి దాని మీద ఆనిస్తే ఇంకా మేలని కూడా ఈసారి ఖర్చుతో సహా చెప్పాను. వద్దన్నారు. అది ఆవిడ నిర్ణయం. మొదట్లో "పాతదానంత బిగువు లేదు బాబూ" అన్నారు. నిజమే, లేదు. ఎందుకు లేదో ఆవిడకు తెలుసు కాబట్టి సర్దుకున్నారు.

ఇలాంటి సెట్టు ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. సెట్టు పెట్టుకుని, వెనక పళ్ళ మీద చూపుడు వేలితో గట్టిగా నొక్కండి. ముందువైపు లోహపు భాగం పంటి మీది నుంచి లేస్తే అడుగున చిగురు తగ్గినట్టే, లైనింగు వేయించుకోవాలి. టోపీ మార్చమనో హుక్కు బిగించమనో అడగవద్దు, డాక్టరు తనంతట తాను బిగిస్తానన్నా ముందు అడుగు చూడమనండి. అటాచ్‌మెంటు సెట్టును పళ్ళతో కొరికి కూర్చోబెట్టకండి, రెండు చేతుల వేళ్ళతో రెండు వైపులా సమంగా నొక్కండి. తీసేటప్పుడు కూడా ఒకవైపే పట్టి లాగితే రెండోవైపు పన్ను వంగుతుంది. రాత్రి తీసి నీళ్ళలో వెయ్యండి. క్యాప్ అడుగున, గుండు చుట్టూ చిన్న బ్రష్‌తో తోమండి. చిగురు వాచిన పన్ను మామూలు బరువు కూడా మొయ్యలేదు.

వెనక పళ్ళు లేని నోటికి సెట్టు పెట్టిన ప్రతివాళ్ళనూ ఇప్పుడు ఆరు నెలలకోసారి రమ్మంటున్నాను. పలచగా కలిపిన అల్జినేట్ సెట్టు అడుగున పూసి, రెస్టులు పంటి మీద సరిగ్గా ఆనేలా నొక్కి పట్టి, గట్టిపడ్డాక తీసి చూస్తాను. అడుగున 2 మిల్లీమీటర్ల మందం మిగిలితే అంత ఖాళీ ఏర్పడిందని అర్థం, ఆ రోజే లైనింగు మాట ఎత్తుతాను. పది నిమిషాల పని. దీనికి ఫీజు పెట్టలేదు, పెడితే వదులయ్యేదాకా ఎవరూ రారు. వదులై వచ్చేసరికి పన్ను అప్పటికే చాలాకాలంగా మోస్తూ ఉంటుంది.